పది రెట్ల మావయ్య

భూతద్దం మావయ్యకు ఒక్కటే జబ్బు. ఏ వస్తువునైనా కంటికి ఆనించుకున్న భూతద్దంలోంచి చూసి, మచ్చ ఎక్కడుందో నలుగురికీ వినిపించేలా చెప్పకపోతే ఆయనకు అన్నం సహించదు.

వృత్తి అలాంటిది మరి. మేనకోడలి నగల దుకాణంలో వజ్రాలు పరీక్షించడం ఆయన పని. వజ్రం భూమిలో పుట్టేటప్పుడే లోపల కొన్ని చిక్కుకుపోతాయి. నల్లని చుక్కలు, తెల్లని మబ్బులు, ఈకల్లాంటి సన్నని పగుళ్ళు. అవి ఎన్ని, ఎంతెంత, ఎక్కడెక్కడ అన్నది తేల్చి గ్రేడు చెప్పాలి. ఆయన చెప్పేవాడు. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ నల్లతాడు కట్టి మెళ్ళో వేసుకున్న ఆ భూతద్దం దుకాణం మూశాక కూడా దిగదు. స్నానానికైనా దిగదని అత్తయ్య సాక్ష్యం.

"పెళ్ళయిన నాటి నుంచీ నన్ను పది రెట్లు పెద్దగానే చూస్తున్నారు ఈయన. నేను నిజంగానే అంత ఉంటానని నమ్మకం. చీర కొనమంటే రెండు తెస్తారు, ఒకటి చుట్టూ తిరగదేమోనని," అంటుంది ఆవిడ.

మేనకోడలికి పాప పుట్టినప్పుడు ఆస్పత్రికి వచ్చాడు. అందరూ బిడ్డ ముక్కు ఎవరిదని వాదించుకుంటున్నారు. ఈయన భూతద్దం తీసి, పాపను తల నుంచి పాదం దాకా నిదానంగా పరిశీలించాడు.

"ఎడమ చెవి వెనక ఓ చుక్క. మిగతా అంతా శుభ్రం. వీవీఎస్ టూ."

బాలింతరాలు బావురుమంది.

"ఏడుస్తావేమే పిచ్చిదానా? చాలా మంచి గ్రేడు! నువ్వు పుట్టినప్పుడు నీకు ఇంత రాలేదు."

పళ్ళ డాక్టరు దగ్గర మరీ అన్యాయం. డాక్టరు నోట్లోకి చిన్న అద్దం పెట్టి చూస్తుంటే, ఈయన నోరు తెరిచే ఉంచి, భూతద్దం ఎత్తి ఆ అద్దాన్ని చూశాడట. "ఆ ఊ గీక" అన్నాడట. "అద్దం మీద గీత" అని దానర్థం. డాక్టరు అద్దం మార్చాడు. తర్వాత ఈయన్ని కూడా వేరే డాక్టరుకు మార్చాడు.

అసలీ గ్రేడుల గోలేమిటని మేనకోడలు దుకాణం చేతికొచ్చిన కొత్తలో అడిగింది. భోజనాల దగ్గర అడగడం ఆమె చేసిన పొరపాటు.

"చెప్తా విను. పది రెట్లు పెద్దది చేసి చూసినా మచ్చన్నది దొరకని రాయి ఫ్లాలెస్. మనుషుల్లో ఇంతవరకూ తగల్లేదు. వీవీఎస్ అంటే మచ్చ ఉంటుంది గానీ వెతికేవాడికి మెడ పట్టేస్తుంది, మీ అమ్మలాగ. వీఎస్ అంటే కాస్త శ్రమపడితే దొరుకుతుంది, నీలాగ. ఎస్ఐ అంటే అద్దం పెట్టగానే కనిపిస్తుంది, ఉత్త కంటికి మాత్రం చాలావరకు తెలీదు, మీ ఆయనలాగ. ఐ అంటే వీధి చివర్నుంచే కనిపిస్తుంది."

"అదెవరు మావయ్యా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "మీ అత్తయ్య వంటింట్లో ఉందా?"

"ఉంది. వింటోంది కూడా."

"అయితే నేనే అనుకో."

ఇంట్లో ఇదంతా నవ్వులాటే. దుకాణంలో మాత్రం మేనకోడలికి తలనొప్పి. కొనడానికి వచ్చినవాళ్ళు ముచ్చటపడి వేలికి పెట్టుకోగానే, పక్క బల్ల దగ్గర్నుంచి గొంతు లేచేది. "అంచున పగులుందమ్మా! పక్కనే ఇంకో చుక్క!" వాళ్ళు ఉంగరాన్ని తేలును దులిపినట్టు దులిపేసి వెళ్ళిపోయేవారు. ఓ రోజు, ఆ వారంలో అలా వెళ్ళినవాళ్ళను తలుచుకుని మేనకోడలు గట్టిగా నిర్ణయించుకుంది. మావయ్య ఇక వెనక గదిలో కూర్చోవాలి. తలుపు వేసుకుని మరీ కూర్చోవాలి.

"మావయ్యా, నీతో ఓ మాట," అంటూ నోట్లో మాట నములుతూ వచ్చింది.

"చెప్పమ్మాయ్. ముందా బల్ల అద్దం తుడిపించు. ఎడమ మూల వేలిముద్ర."

అంతలో వీధి తలుపు తెరుచుకుని నలుగురు లోపలికి వచ్చారు. పెళ్ళి కుదిరిన ఒక అమ్మాయి, ఆమెను చేసుకోబోయే అబ్బాయి, వాళ్ళ వెనక అమ్మాయి అక్క, అక్క మొగుడు. కుర్రాడు స్కూలు పిల్లల్ని వ్యానులో తిప్పుతాడని అక్క మొదటి మాటలోనే చెప్పేసింది. రెండో మాట కూడా ఆవిడదే.

"మా చెల్లికి మచ్చలేని రాయి కావాలండీ. ఫ్లాలెస్. మా ఆయన నాకు తెచ్చింది అదే మరి!" అంటూ ఉంగరం చెయ్యి గాల్లో ఊపింది. ఆవిడ మొగుడు పైకప్పు కేసి చూశాడు, అక్కడేదో చదవాల్సింది ఉన్నట్టు.

మేనకోడలు లోపల్నుంచి మేలైన రాయి తెచ్చి పెట్టింది. కుర్రాడు ధర చీటీ తిప్పి చూసి, మళ్ళీ బోర్లా పెట్టాడు. అతని మొహంలో రంగులు మారాయి.

"వ్యాను అమ్మేస్తే వస్తుంది," అన్నాడు మెల్లిగా.

"అమ్మేస్తే రేపట్నుంచి ఏం నడుపుతావు?" అంది అమ్మాయి, ఇంకా మెల్లిగా. అక్క వైపు ఓసారి చూసి తల వంచుకుంది.

భూతద్దం మావయ్య ఆ మేలైన రాయిని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. మేనకోడలు గుండె చిక్కబట్టుకుంది.

"ఏమీ లేదు," అన్నాడాయన నీరసంగా.

"అంటే మంచిదేగా?" అంది అక్క.

"మంచిదే. మాట్లాడుకోవడానికే ఏమీ లేదు." సొరుగు లాగి మరో రాయి తీశాడు. సైజు అంతే, మెరుపూ అంతే. ధరలో మాత్రం సగం కూడా ఉండదు. రెంటినీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి, చోట్లు రెండు మూడుసార్లు మార్చి, "మచ్చలేనిదేదో చెప్పమ్మా," అన్నాడు.

అమ్మాయి వంగి చూసింది. కుర్రాడూ చూశాడు. అక్క వాళ్ళిద్దర్నీ తోసుకుని చూసింది.

"ఇదే!" అన్నారు ముగ్గురూ.

"అది ఎస్ఐ," అన్నాడు మావయ్య. ఆయన మొహం వెలిగిపోయింది. మెళ్ళో తాడుతోనే ముందుకు వంగి, భూతద్దం అమ్మాయి చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చూడు. అంచు పక్కన."

"అయ్యో, చిన్న ఈక! అచ్చం పిచ్చుక ఈకలా ఉంది!"

"ఊఁ. అదే నడిమధ్యలో నల్లగా ఉంటే నేనే వద్దనేవాణ్ణి, కంటికి కొట్టొచ్చినట్టుంటుంది. మబ్బు దట్టంగా ఉన్నా వద్దనేవాణ్ణి, రాయి మసకబారుతుంది. ఇది చిన్నది, పైకి తెరుచుకోలేదు. పట్టి ఉంచే బంగారు కొక్కెం సరిగ్గా దానిమీద కూర్చుంటుంది. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

మేనకోడలు పళ్ళు కొరికింది. పెద్ద బేరం కళ్ళముందే చిన్నదైపోతోంది. కానీ కుర్రాడి భుజాలు కిందికి దిగడం కూడా ఆమెకు కనిపించింది. వచ్చినప్పట్నుంచీ అవి చెవుల దగ్గరే ఉన్నాయి.

అక్కకు మాత్రం మండింది. "మచ్చున్న రాయి ఎలా పెట్టుకుంటుందండీ? ఇదిగో, ముందు నాది చూడండి. మచ్చలేనిదంటే ఎలా ఉంటుందో మా చెల్లికి మీ నోటితోనే చెప్పండి!" అని ఉంగరం లాగి బల్ల మీద పెట్టేసింది.

మేనకోడలు కళ్ళు మూసుకుంది. భూతద్దంతో పనిలేదు, నిలబడ్డచోటి నుంచే తెలుస్తోంది. నడిమధ్య మిరియపు గింజలా ఓ నల్లచుక్క. రాయంతా బియ్యం కడిగిన నీళ్ళలా మసక. అక్క మొగుడు ఊపిరి బిగబట్టి, మావయ్య మొహంలోకే చూస్తున్నాడు.

మావయ్య భూతద్దం పెట్టాడు. చూశాడు. తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. మీసం కదిలింది. మాట గొంతుదాకా వచ్చి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. జీవితంలో ఆయన దాన్ని మింగడం అదే మొదటిసారి, అందుకని ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"అమ్మా," అన్నాడు ఎక్కిళ్ళ మధ్య. "ఇలాంటి రాయి... నా సర్వీసులో చూడలేదు."

"విన్నావా!" అంది అక్క చెల్లెలితో. అక్క మొగుడు వదిలిన ఊపిరికి బల్ల మీది ధర చీటీ ఎగిరి కింద పడింది.

"ఈయన ఉద్యోగం ఊడిన ఏడాది తెచ్చారండీ," అంది ఆవిడ. ఈసారి గొంతులో దర్జా లేదు. "ఎలా తెచ్చారో ఇప్పటికీ చెప్పరు."

"అలాంటివి చెప్పరమ్మా," అన్నాడు మావయ్య.

ఇక ఆవిడకు ఔదార్యం పుట్టుకొచ్చింది. "నాలాంటిది అందరికీ దొరకదులే. నువ్వు ఆ ఈకదే తీసుకోవే," అంది. చెల్లెలు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. కుర్రాడు వ్యాను తాళాలు జేబులోంచి తీసి, ఉత్తపుణ్యానికి వేలికి తిప్పుకుంటూ నవ్వాడు.

అందరికన్నా వెనక బయల్దేరిన అక్క మొగుడు, గుమ్మం దగ్గర ఆగి మావయ్యకు తల వంచి వెళ్ళాడు.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో, "అమ్మాయ్, తలుపు వెయ్యి!" అని కేక పెట్టాడు మావయ్య. "అది మబ్బనుకున్నావా? తుపాను! ఆ నల్లచుక్కకు పక్కన పిల్లలున్నాయి! వాటి కింద పగులు, పగులుకు కొమ్మలు!"

ఎక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి.

మేనకోడలు కుర్చీలో కూలబడి నవ్వింది. "పాపం, ఆయన్ని ఎవరో మోసం చేశారేమో మావయ్యా. చెప్పాల్సిందేమో."

"ఆయనకు తెలుసమ్మాయ్. తెలియనివాడు ఊపిరి బిగబడతాడా? ఉన్నదాంతో తెచ్చాడు, ఆవిడ మురిసిపోయింది. మధ్యలో నేనెవర్ని?"

వెనక గది మాట ఆమె గొంతులోనే కరిగిపోయింది. "ఎంత మావయ్యా ఆ రాయి గ్రేడు?" అంది.

"గ్రేడా? దానికి అక్షరాలు చాలవు! ఇంకా ఎడమ పక్క చెప్పలేదు నీకు, విను..."

బయట ఎవరో తలుపు తట్టారు. మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి ఓరగా తీసింది.

"పట్టపగలు మూశారేమిటండీ?" అన్నాడు వచ్చినాయన.

"ఒక్క పది నిమిషాలు ఆగండి. లోపల ఓ రాయిని పరీక్షిస్తున్నారు."

ఆయన మెడ సాచి లోపలికి చూశాడు. "బల్ల మీద ఏ రాయీ లేదే!"

"మా మావయ్యకు ఇంకా కనిపిస్తోందండీ," అని ఆమె తలుపు మళ్ళీ మూసింది.