లేచేవాళ్ల బల్లలు

ఆ గుండ్రటి బల్లల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ కోపం నషాళానికి అంటుతుంది. ఎత్తకపోయినా అంటుతుందనుకోండి, అది వేరే విషయం. మా ఇంట్లో కోపిష్టిదాన్ని నేనేనని అందరూ అంటారు. మా తోడికోడలిని సరిగ్గా చూడనివాళ్లు అనే మాట అది.

ఆవిడ మా ఆయనకి వదిన, నాకు అక్క. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్లం, ఒకే ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నాం. తుంటి ఎముక విరిగినవాళ్లూ, ఒక పక్క చచ్చుబడి కోలుకుంటున్నవాళ్లూ మళ్లీ నడక నేర్చుకునే ఆసుపత్రి అది. ఆవిడ వార్డులో ఆయా, నేను ఆఫీసులో టైపిస్టుని. రోగులు ఆవిణ్ణి "బల్లలమ్మ" అని పిలిచేవాళ్లు.

వార్డు వెనకాల రాతిపలకలు పరిచిన పెరడు ఉంది. అందులో ఆరు కర్రబల్లలు ఉండేవి. కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి వేసినవి కావవి. రోగిని కుర్చీలో కూర్చోబెడతారు. ఎదురుగా ఉన్న బల్ల అంచు మీద రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా చేతుల మీద వేసి, ఆ మనిషి లేచి నిలబడాలి. ఎవరి సాయమూ లేకుండా పదిసార్లు అలా లేస్తే ఇంటికి పంపుతారు. లేవలేకపోతే ఇంకెక్కడికి పంపుతారో ఎవరూ పైకి అనరు.

పన్నెండేళ్ల కిందట ఆ బల్లలు ఎంచింది అక్కే. అప్పటి పెద్ద డాక్టరమ్మ దుకాణానికి వెళ్తూ, "రోజూ వాళ్లని లేపేది నువ్వు, నువ్వే రా" అని వెంటబెట్టుకెళ్లింది. దుకాణంవాడు నున్నగా మెరిసేవన్నీ ముందు చూపించాడట. అక్క వాటి పైభాగం చూడనేలేదు. వంగి అడుగున ఉన్న అతుకులు చూసింది. నాలుగు కాళ్లూ నాలుగు మూలల్లోనే ఉన్నాయా అని చూసింది. గాజుపలక ఉన్నది చూపిస్తే, "ఎండకి కళ్లు జిగేల్‌మంటే ముసలాయన అంచు ఎక్కడుందని వెతుక్కుంటాడయ్యా?" అంది. ఇనుపది చూపిస్తే, "మధ్యాహ్నానికి పెనమైపోతుంది, నువ్వు పెట్టు చెయ్యి" అంది. ప్లాస్టిక్‌ది చూపిస్తే నవ్వి ఊరుకుంది. చివరికి ఇద్దరు మనుషులు మోస్తే తప్ప కదలని టేకుబల్లల దగ్గర ఆగింది. పలకల మధ్య వాననీళ్లు కారిపోయేంత సందు ఉంది, చేతికర్ర మొన ఇరుక్కునేంత సందు లేదు. అంచు గుప్పిట్లో పట్టేంత మందం. దుకాణంవాడు, "అమ్మా, మీరు వడ్రంగివాళ్లా?" అని అడిగాడట. "కాదు, పడినవాళ్లని ఎత్తేదాన్ని" అందట ఈవిడ.

కొనడం ఒక ఎత్తు, వాటిని కాపాడుకోవడం ఒక ఎత్తు. వానలు మొదలయ్యే ముందు ఏటా వారం రోజులు ఆవిడతో మాట్లాడకపోవడమే క్షేమం. పలచటి సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్షుతో కడగాలి, రెండు రోజులు నీడపట్టున ఆరాలి, కర్ర చార వెంటే గరుకు కాగితం పట్టాలి, అడ్డంగా పట్టారో చచ్చారే. తర్వాత అవిసె నూనె. రాసిన పావుగంటకి మిగిలిన జిడ్డంతా పొడిగుడ్డతో లాగెయ్యాలి. అంచుల్ని మూడుసార్లు తుడిచేది, రోగుల చేతులు జారకూడదని. వార్నిష్ మాటెత్తితే విరుచుకుపడేది. "అది పొక్కులు లేచి కింద నీళ్లు నిలుస్తాయి, పైకి పెళ్లికొడుకులా ఉంటుంది, లోపల పుచ్చిపోతుంది" అనేది. నూనెగుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే రాజుకుంటాయని, ఒక్కొక్కటీ నీళ్లలో ముంచి తీగ మీద పరిచి ఆరేసేది.

మా బావగారు ఒకసారి అన్నం తింటూ, "నా వీపుకి ఏనాడైనా ఇంత నూనె రాశావా?" అన్నారు. 

"నువ్వూ ఎండలో వానలో పన్నెండేళ్లు బయట నిలబడు, రాస్తా" అంది అక్క.

ఇలా ఉండగా కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. నేనంటాను. వచ్చిన మూడో నెలలో, చెప్పాపెట్టకుండా, పెరట్లోకి పన్నెండు గుండ్రటి బల్లలు దిగాయి. తెల్లగా, తేలిగ్గా, మధ్యలో ఒకే ఒక్క కాడ, దాని కింద పళ్లెమంత అడుగు. ఒక్క చేత్తో ఎత్తొచ్చు. గాలికి వాటంతటవే జరిగేవి. ఆసుపత్రి గురించి రంగుల పుస్తకం వేస్తున్నారట, ఫొటోల్లో పెరడు కళకళలాడాలట.

అక్క తిన్నగా ఆయన గదిలోకి వెళ్లింది. నేను అక్కడే టైపు చేస్తున్నాను.

"సార్, ఇవి కాఫీ తాగేవాళ్ల బల్లలు. లేచేవాళ్లవి కావు."

"చూడమ్మా, బల్లంటే బల్లే."

"కాదు సార్. అంచు మీద బరువేస్తే తిరగబడతాయి. పాతవాటిలో రెండైనా ఉంచండి."

"పాతవి నల్లగా, మురిగ్గా ఉన్నాయి. నీ పని తుడవడం. కొత్తవి తుడువు. తేలిగ్గా ఉంటాయి, నీకే సుఖం" అన్నాడు, వరమిచ్చినట్టు.

నల్లగా ఉన్నాయట! పన్నెండేళ్లుగా ఎంతమంది అరచేతులు ఆని నున్నబడ్డ అంచులవి! పాత బల్లలు ఆరింటినీ లాండ్రీ వెనకాల తడినేల మీద ఒకదానిపై ఒకటి పడేసి, ప్లాస్టిక్ పట్టాతో బిగించి కట్టించాడు. గాలాడకుండా అలా కడితే లోపల చెమ్మపట్టి బూజొస్తుందని అక్క నెత్తీ నోరూ బాదుకుంది. గోడకి చెప్పినట్టే అయింది.

గోడకి చెప్పి ఊరుకునే మనిషి కాదుగా. మర్నాడు పొద్దున్నే మిగిలిపోయిన రాతిపలకలు మోసుకొచ్చి, రోగులు వాడే నాలుగు బల్లల అడుగున రెండేసి చొప్పున పేర్చి, తీగతో కట్టింది. ఒకటికి పదిసార్లు తను బరువేసి చూసుకుంది. కదల్లేదు. అప్పుడు గానీ రోగుల్ని రానివ్వలేదు.

ఆ రోగుల్లో ఒకాయన పాత బస్సు డ్రైవరు. అందరం డ్రైవరు తాత అనేవాళ్లం. తుంటికి ఆపరేషనైంది. "నలభై ఏళ్లు అంత బండిని ఎక్కడ నిలబెట్టమంటే అక్కడ నిలబెట్టాను, నన్ను నేను నిలబెట్టుకోలేనా?" అనేవాడు. లేచినప్పుడల్లా "రైట్ రైట్" అని తనే అరిచేవాడు. కూతురిల్లు మేడ మీద. తనంతట తను లేచి నడిచేలా ఉంటేనే తీసుకెళ్లగలనని ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. ఉద్యోగం చేసుకునే మనిషి, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. ఆయన ఏడుసార్ల దాకా వచ్చాడు. ఇంకో మూడు చాలు.

అంతలో ఫొటోలు తీసేవాళ్లు వచ్చారు. అది అక్క వారపు సెలవు. బల్లల కింద రాళ్లు అసహ్యంగా ఉన్నాయని సూపరింటెండెంటు దగ్గరుండి తీగలు కోయించి, రాళ్లన్నీ గోడవారకి పెట్టించాడు. ఫొటోలు తీశారు, నవ్వారు, వెళ్లిపోయారు. రాళ్లు మళ్లీ పెట్టమని ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి డ్రైవరు తాత రోజూలాగే వచ్చి కూర్చున్నాడు. రోజూలాగే అరచేతులు ఆనించాడు. బల్ల ఆయన మీదకి వచ్చేసింది, ఆయన పక్కకి రాతిపలకల మీద పడ్డాడు.

కొత్త తుంటికి దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. ఎడమ మణికట్టు విరిగింది.

మర్నాడు సూపరింటెండెంటు నన్ను పిలిచి మెమో చెప్పాడు. "ఆయా బల్లను సరిగ్గా అమర్చకపోవడం వల్ల, ఆమె నిర్లక్ష్యం కారణంగా" అంటూ చెప్పుకుపోతున్నాడు.

"సార్, నిన్న ఆవిడ సెలవు కదా?" అన్నాను.

"ముందురోజే సరిగ్గా అమర్చి ఉండాల్సింది" అన్నాడు. ఆయనకి చీమ కుట్టినట్టైనా లేదు.

నేను టైపు చేశాను. అవును, నా వేళ్లతోనే కొట్టాను. ఉద్యోగం కదా అనుకున్నాను. అక్కని విచారణ అయ్యేదాకా లాండ్రీకి మార్చారు, వార్డులో అడుగు పెట్టకూడదన్నారు. అంతటితో ఆగానా? వారం తర్వాత సూపరింటెండెంటు, "మీ అక్కేగా, పొరపాటైందని ఒక కాగితం రాసిస్తే చిన్న మందలింపుతో వదిలేస్తాను" అంటే, అది కూడా నేనే టైపు చేసి ఇంటికి పట్టుకెళ్లాను.

అక్క చేతులు తుడుచుకుని, ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఎంత చక్కగా కొట్టావే! ఒక్క తప్పు లేదు."

"అక్కా, ఉద్యోగం పోతే..."

"రాళ్లు ఎవరు తీయించారో నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ కొట్టావా? ఆ వేళ్లతోనే అన్నం తింటున్నావా?"

ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. ఆవిడ మీద ఒళ్లు మండింది, నిజమే అన్నందుకు ఇంకా మండింది. మర్నాడు ఆఫీసుకి ముందుగా వెళ్లి జరిగింది జరిగినట్టు, రాళ్లు ఎవరు పెట్టారో, ఎవరు ఎన్నింటికి తీయించారో, తీగ కోసిన తోటమాలి ఏం చెప్పాడో, అంతా టైపు చేసి, కింద నా సంతకం పెట్టి, పాలకవర్గానికి పంపేశాను. అక్కణ్నుంచి మా ఇద్దరికీ తిండీ నిద్రా ఆ కాగితాలే. ఎవరేమన్నారు, ఎవరు నీళ్లు నమిలారు, తోటమాలి మాట మార్చాడా, మళ్లీ దారికొచ్చాడా అన్నదే లోకం. తాడో పేడో తేల్చుకోవాలని పట్టుబట్టాం.

తాత పడిన ఇరవై మూడో రోజున విచారణ జరిగింది. పాలకవర్గం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకావిడ రిటైరైన టీచరు, ఒకాయన వ్యాపారి. సూపరింటెండెంటు గంటసేపు మాట్లాడాడు. బల్లలో ఏ లోపమూ లేదన్నాడు, దేశదేశాల్లో ఇవే వాడుతున్నారన్నాడు. అక్క వంతు వచ్చింది.

"నాకు మాటలు రావండి. పెరట్లోకి రండి" అంది.

మాటలు రావట! నాకు నవ్వాగలేదు. అందరూ వెళ్లారు. అక్క ఒక కుర్చీ తెచ్చి గుండ్రటి బల్ల ముందు వేసింది.

"కూర్చోండి సార్."

ఆయన ఆ ఇద్దరి వంకా చూసి కూర్చున్నాడు.

"ఇప్పుడు లేవండి. మా తాత లేచినట్టు. మోకాళ్ల మీద బరువు వెయ్యొద్దు, ఆయన మోకాళ్లు ఆగవు. చేతులు అంచు మీద ఆనించి, మొత్తం చేతుల మీదే లేవండి. లోపం లేదుగా, భయమెందుకు?"

సూపరింటెండెంటు రెండు చేతులూ ముందుకు చాపాడు. బల్ల అంచుకి బెత్తెడు పైన అవి ఆగిపోయాయి. కిందకి దిగలేదు. తన మోకాళ్ల మీద తను గబుక్కున లేచి నిలబడ్డాడు.

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "మీ చేతులు ఆనలేదండీ" అంది.

ఆయన "ఆ, అదే, ఇప్పుడు..." అని ఏదో గొణిగాడు. వ్యాపారి ఒక్క వేలితో అంచు నొక్కి చూసి, బల్ల తన మీదకి వంగబోతే ఉలిక్కిపడి వదిలేశాడు. మెమో ఆ మధ్యాహ్నమే వెనక్కి తీసుకున్నారు, అది కూడా నేనే టైపు చేశాను. పాత బల్లల్ని పట్టా విప్పి బయటికి తీయించారు. రెండింటికి కాళ్ల చివర్లు పుచ్చిపోయాయి. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

మేమిద్దరం గెలిచాం కదా, ఆ ఊపులో గబగబా వార్డులోకి వెళ్లాం. డ్రైవరు తాత గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పడిన రోజునుంచి మంచం దిగలేదని, ఎంత బతిమాలినా లేవనంటున్నాడని, కూతురు వేరే ఆశ్రమం చూస్తోందని నర్సు చెప్పింది. కాళ్లు పుల్లల్లా అయిపోయాయి.

"తాతా, ఆ దిక్కుమాలిన బల్లలు తీసేస్తున్నారు!" అంది అక్క.

ఆయన ఇటు తిరగలేదు. "ఎందుకమ్మా తియ్యడం? పాపం బాగానే ఉన్నాయిగా. నా చేతులే వణికాయి. నాకింక చేతకాదు."

"చేతులు వణికాయని ఎవరన్నారు?"

"ఎవరో అనాలా తల్లీ? పడ్డవాణ్ని నేనేగా."

అక్క ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పింది. రాళ్ల సంగతి, ఫొటోల సంగతి, సూపరింటెండెంటు చేతులు బెత్తెడు పైన ఆగిపోవడం. ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. కట్టు లేని చెయ్యి పైకెత్తి, ముందూ వెనకా తిప్పి చూసుకున్నాడు.

"సార్ కూడా ఆనించలేదా?"

"ఆనించలేదు తాతా."

"అయితే తప్పు నాది కాదన్నమాట." తర్వాత ఎవర్నీ తప్పుపట్టకుండా, మామూలుగా అడిగాడు. "మరి ఈ మాట నాకు అప్పుడే ఎవరూ చెప్పలేదేం అమ్మా?"

అక్క నా వంక చూసింది. ఆఫీసుకీ వార్డుకీ మధ్య నలభై అడుగుల వరండా ఉంది. ఆ ఇరవై మూడు రోజులూ ఆవిణ్ణి వార్డులోకి రావద్దన్నారు. నన్ను ఎవరూ వద్దనలేదు.