అమ్మ చీర కట్టిన మొక్క

మొన్న బస్సులో టేకులపల్లి దాటుతుంటే మామిడి మొక్కల చుట్టూ కట్టిన పాత చీరలు కనిపించాయి. నాకు ఏడేళ్లప్పుడు మా నాయన కూడా మా చేనులో అలాగే కట్టాడు. అప్పుడు అమ్మ ఆపరేషన్ కోసం ఖమ్మం దవాఖానాలో ఉంది. అడవిలోంచి వచ్చే జింకలు లేత చిగుళ్లు కొరికేస్తున్నాయని, నాయన అమ్మ విడిచిన చీరలు తెచ్చి మొక్కల పక్కన పాతిన కర్రలకు చుట్టాడు.

"మనిషి వాసనొస్తే జింకలు రావు బిడ్డా," అన్నాడు.

గాలికి ఆ వాసనంతా అయిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. సాయంత్రం ఎవరూ చూడకుండా ఒక చీర విప్పుకొచ్చి, పక్కలో పెట్టుకుని పడుకున్నాను. పసుపు, కట్టెల పొగ, కొబ్బరినూనె కలిసిన అమ్మ వాసన అది.

తెల్లారేసరికి జింకలు ఆ మొక్కను మోడు చేసి పోయాయి.

"ఇక్కడి చీర ఏమైంది?" అన్నాడు నాయన.

"నేనే తెచ్చుకున్న నాయినా. అమ్మ వాసన అయిపోతదని," అంటూ ఏడ్చాను.

ఆయన తిట్టలేదు. "నీ దగ్గర్నే ఉంచుకో," అని, చెమటతో తడిసిన తన చొక్కా విప్పి ఆ కర్రకు చుట్టాడు. మోడు మళ్లీ చిగురించింది. జింకలు దాని జోలికి రాలేదు.

వానలు పడ్డాక అమ్మ ఇంటికొచ్చింది. ఇప్పుడు ఇద్దరూ లేరు. చొక్కాతో అయ్యే పనికి చీరలెందుకు కట్టాడో ఇన్నేళ్లకు అర్థమవుతోంది. పొద్దంతా ఒక్కడే పనిచేసే ఆ చేనులో ఆయనకూ అమ్మ కావాల్సి వచ్చింది.