గురువారం లిస్టులో హేమశ్రీ పేరు

హేమశ్రీ మీద నాకు ఒళ్లు మండిపోయింది, దాపరికమేటి! నాను గురువమ్మని, గాజువాకలో మా నాలుగు వీధులకీ ఆశా వర్కర్ని. ప్రతి గురువారం ఆపరేషన్లకి ఆడోళ్లని ఆసుపత్రికి తీసుకెల్తాను. మా వైపు ఇద్దరు పిల్లలు పుట్టేరంటే ఇంక అడిగేదుండదు, పాతికేళ్లు నిండకుండానే పిల్లల ఆపరేషన్ అయిపోద్ది. ఈ హేమశ్రీ గుంటకి ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. మూడుసార్లు లిస్టులో పేరు రాసేను. మూడుసార్లూ జొరమనో, సుట్టాలొచ్చేరనో తప్పించుకున్నాది.

నాలుగోసారి ఇంటికే పోయి కూకున్నాను. "ఏటమ్మా నీ బాధ? సెప్పవే!" అన్నాను.

"నాకు కాపర్‌టీ ఏయించు పిన్నీ," అన్నాది నేల సూసుకుంటా.

ఆ మాటకి మొగుడు గోపి కంచం ముందునుంచి లేసిపోయేడు. వాడిది పోర్టులో క్రేన్లకి తుప్పు గీకి రంగులేసే పని. "ఒంట్లో తీగ ముక్క ఎట్టుకుంటాదంట! సముద్రం గాలికి మన కిటికీ ఊసలు రెండేళ్లు ఉంటన్నాయేటి? పొద్దస్తమానం నాను గీకేది అదే కదా. లోపల తుప్పడితే ఎవడు గీకుతాడు?"

"ఓరి నీ తెలివి తగలెయ్య! అది రాగిరా. రాగికి తుప్పేటి?"

"పచ్చగా సిలుం పడతాది కదా," అన్నాడు.

ఇన్నేళ్ల సర్వీసులో నన్నా మాట ఎవరూ అడగనేదు. తిక్క రేగి డాక్టరమ్మకే ఫోన్ కొట్టి స్పీకర్లో ఎట్టేను. ఆవిడ నవ్వి, అలాంటిదేం కాదంది. పదేళ్లు పనిచేస్తుంది, మొదట్లో కొన్నాళ్లు నెలసరి ఎక్కువవ్వొచ్చు, నొప్పి ఉండొచ్చు, రక్తం తక్కువుందేమో చూసే వేస్తాం, వద్దనుకున్నరోజు తీసేస్తాం అని చెప్పింది.

"తీసేత్తారా?" హేమశ్రీ అప్పుడు తలెత్తింది.

"తీయించుకోడం దేనికే? ఇంక పిల్లలొద్దని ఇద్దరం అనుకున్నాం కదా! ఆపరేషన్‌కి ఎల్లు, గొడవొదిలిపోద్ది!" గోపి అరిసేడు.

ఆ అరుపుకి హేమశ్రీ ఒళ్లో ఉన్న ఎనిమిది నెలల కూతురు యశస్విని ఉలిక్కిపడి గుక్కపట్టింది. ఆ పిల్ల ఏడిస్తే పెదాలు నీలంగా తిరుగుతాయి. గుండెలో రంధ్రం. వచ్చే నెలలో గుండె ఆపరేషన్. హేమశ్రీ పిల్లని భుజానేసుకుని ఈపు నిమురుతన్నాది. ఓలమ్మో, నాకప్పుడు తట్టింది, ఈ గుంట మూడుసార్లూ ఎందుకు తప్పించుకుందో. పిల్ల దక్కకపోతే అన్న మాట ఏ తల్లి పైకంటాది? అంటే అయిపోద్దేమోనని బయం.

గుమ్మంలో గోపి తల్లి ఆదిలక్ష్మమ్మ సేపలు తోముతన్నాది. సెయ్యి కడుక్కుని లోపలికొచ్చింది.

"గోపీ, నీకో తమ్ముడుండేవోడు, తెల్సా?"

"తెల్సమ్మా. జొరంతో పోనాడు కదా."

"నాకు ఆపరేషనయిన ఏడాదికి పోనాడు. అప్పుడు నాకు ఇరవై రెండు. ఇంకో బిడ్డ కావాలని ఎంత ఏడిసినా ఏటవుద్ది?" నాకేసి తిరిగింది. "ఆ ఆపరేషన్‌కి నన్ను జీపెక్కించింది నువ్వే కదా, గురువమ్మా."

అవును, నానే. అప్పుడు అంగన్‌వాడీలో ఆయాని. నాను మర్సిపోనేదు. ఆవిడే మర్సిపోయుంటాదని ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే వీధిలో నవ్వుతా తిరిగేను. సిగ్గుతో సచ్చిపోయేను.

"నన్నెవరూ అడగనేదు. దాన్నయినా అడగండి," అన్నాది.

గోపి పిల్లని అందుకున్నాడు. "దీనికేటీ అవ్వదే," అన్నాడు. పిల్లని గుండెకి అదుముకుని, "నాకూ బయంగానే ఉంది హేమా," అన్నాడు.

నాను లిస్టు తీసి పేరు కొట్టేసేను. "నీకేటి కావాలమ్మా?" అన్నాను. అలా అడగడం నాకదే మొదలు.

"తీసెయ్యడానికి ఈలుండేది," అన్నాది.

గురువారం హెల్త్ సెంటర్‌కి తీసుకెల్లేను. రత్తం సరిపడా ఉందని సూసుకుని డాక్టరమ్మ లోపలికి పిలిసింది. బయట బల్లమీద ఆదిలక్ష్మమ్మ మనవరాల్ని ఎత్తుకుని కూకున్నాది. పక్కన కూకున్నాను.

"తిట్టవే నన్ను," అన్నాను.

"ఈపాలి అడిగినావు కదా," అని పిల్లని నా సేతుల్లో పెట్టింది.