దారానికి పట్టని చక్కెర

నాంపల్లి స్టేషన్ వెనుక సందులో, దారం మీద పటికబెల్లం కట్టే ఇల్లు ఒకటే మిగిలింది. ఇద్దరే మనుషులు, భార్యాభర్తలు. పాలమూరు వైపు నుంచి కూలికి వచ్చి ఈ పని నేర్చుకున్నారు. బేగం బజార్‌లో మిశ్రీ అని అమ్ముడయ్యే వాళ్ల సరుకును ఒక్క సేటే కొనేవాడు. మిషన్ సరుకు చవగ్గా దొరుకుతోందని, ఈసారి గడ్డలు పెద్దవిగా వస్తేనే ఇకముందు తీసుకుంటానని కబురు పెట్టాడు. సరిగ్గా ఆ వారమే, అబిడ్స్‌లోని మా పత్రికాఫీసు నుంచి ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని నేను వెళ్లాను.

వేడి పాకం చాలా చక్కెరను తనలో దాచుకుంటుంది. చల్లారేకొద్దీ దాచుకోలేక వదిలేస్తుంది. వదిలిన చక్కెరకు వాలడానికి ఒక చోటు కావాలి. ఏమీ లేనిచోట కొత్తగా గడ్డ మొదలవడం కష్టం. చక్కెర పొడి అద్దిన నూలుదారం ఉంటే తేలిక. నిదానంగా చల్లారితే పొర మీద పొరగా అక్కడే పెరుగుతుంది. తొందరగా చల్లారితే ఎక్కడపడితే అక్కడ ఇసుకలా రాలిపోతుంది. అందుకే గంగాళం చుట్టూ ఊక పోసి, మూత మీద గోనెసంచులు కప్పి, వారంపాటు ఆ గదిలో గట్టిగా అడుగు కూడా వేయరు.

ఇదంతా భర్తే చెప్పాడు, నేను రాసుకున్నాను. రాసుకుని కూడా, ఒక్కసారి మూత తీస్తే ఫొటో బాగుంటుందని అడిగాను. అప్పటికి పాకం పోసి రెండో రోజు.

భార్య వద్దంది.

"సార్ మన గురించి పేపర్ల రాస్తుండు. జర చూపిస్తే ఏమైతది?" అన్నాడతను.

మూత తీసి, పాకంలోకి దారాలు వేలాడదీసిన కర్రను పైకెత్తి పట్టుకున్నాడు. బియ్యపు గింజలంత పలుకులు మెరుస్తున్నాయి. ఫొటోగ్రాఫర్ ఇంకొకటి, ఇంకొకటి అంటూ చాలాసేపు తీశాడు.

ఏడో రోజు వెళ్తే, గాలి తగిలి చల్లారిన పాకం అడుగున సన్నటి మడ్డిగా గట్టిపడి ఉంది. దారాల మీది గింజలు గింజలుగానే ఉన్నాయి. మళ్లీ కాచవచ్చు, కానీ రంగు ఎర్రబడుతుంది. అది సేటు తీసుకోడు. ఆమె ఉలితో అడుగు గీకుతూ, నా వైపు చూడకుండానే అంది.

"నేను గప్పుడే చెప్పిన. గీయనేమో ఇంటికొచ్చిన మనిషిని కాదనలేకపాయె."

ఆదివారం నా వ్యాసం అచ్చయింది. అతను ఆ పేజీ మడిచి పట్టుకుని, సేటు దగ్గరికి తోడు రమ్మన్నాడు. పేపరు మనిషి చెబితే వింటాడని ఆశ. సేటు ఫొటో చూసి ముచ్చటపడ్డాడు, చాయ్ తెప్పించాడు. తప్పు నాదని, ఇంకొక్కసారి చేయనివ్వమని అడిగాను.

"మీ రాత మస్తుగుంది సార్. గీ మిశ్రీ మాత్రం నాకొద్దు."

నా పక్కన కూర్చున్న అతను చాయ్ పూర్తిగా తాగి, పేజీని బల్ల మీదే వదిలేసి లేచాడు. తీసుకొమ్మని నేను గుర్తు చేయలేదు.