పిట్టగోడ మీది శాసనం

గత సోమవారం విశాఖపట్నం ఆసుపత్రిలో నా భార్య చనిపోయింది. కిడ్నీ జబ్బు. ఉద్దానం వాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

భావనపాడు దగ్గరి ఒక ఊళ్ళో ఆమె ఆరు, ఏడు తరగతులకు తెలుగూ, సాంఘికశాస్త్రమూ చెప్పేది. ఆమె దగ్గర చదివినవాళ్ళు చాలామందికి కబురు అందలేదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను పలాస స్టేషనులో టికెట్లు ఇచ్చేవాణ్ణి. ఇంటికి వచ్చి, ఫలానా రైలు ఆలస్యమట అంటే, "మీకెలా తెలుసు? ఎవరు చెప్పారు?" అనేది. పిల్లల్ని అడిగి అడిగి అలవాటైపోయింది. డయాలసిస్ తప్పదన్న డాక్టరునూ అలాగే అడిగింది. ఆయన విసుక్కోలేదు. రిపోర్టులు తెచ్చి చూపించాడు. చివరిదాకా విని "సరే" అంది.

తొంభైల చివర్లో తుపాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది ఏడో తరగతికి శాసనాల పాఠం వచ్చింది. మన ఊరి శాసనం మనమే రాద్దామంది. "మనకి రాజులెవులున్నారు టీచర్?" అని పిల్లలు నవ్వారట. వారం రోజులు ఇళ్ళలో అడిగి వాక్యాలు రాసుకొచ్చారు. బావి ఎవరు తవ్వారు, తుపానుకి ఎవరి బోటు పోయింది, బడి కప్పు ఎవరు మళ్ళీ వేశారు, ఇలాంటివి. వరండా పిట్టగోడ పైభాగాన తాపీమేస్త్రి సిమెంటు పరిచాడు. ఆరకముందే మేకులతో రాయాలి. ఆ రోజు నాకు సెలవు. ఇసక మోయడానికి నన్నూ తీసుకెళ్ళింది.

సగం రాశారో లేదో, ఒక ముసలామె గేటు తోసుకుని వచ్చింది.

"మా వోడు సచ్చిపోనాడని ఎవులు సెప్పినారు టీచరమ్మా? సవమొచ్చినాదా? నువ్వు సూసినావా?"

ఆమె మనవరాలు ఆ తరగతిలోనే ఉంది. నాన్న తుపానులో చనిపోయాడని రాసి, ఇంట్లో చదివి వినిపించింది. శవం దొరకలేదు కనుక ఆ ఇంట్లో కర్మ చేయలేదు. కోడలు గాజులు తీయలేదు.

"ఆ మాట రాయకండి. రాసినారా, ఈ ఆడగుంటని రేపట్నుంచి బడికి పంపను. జీడిపప్పు కార్ఖానాకి పంపెత్తాను."

పిల్ల మేకు పట్టుకుని ఏడుస్తోంది.

"బేగి తేల్చండమ్మా, సిమెంటు గట్టిపడిపోతంది," అన్నాడు మేస్త్రి.

నా భార్య ముసలామెను కూర్చోబెట్టి, పిల్లవైపు తిరిగింది.

"మీ నాన్న గురించి నీకు తెలిసిందేమిటి?"

"సేపల ఏటకెళ్ళినాడు."

"ఎవరు చూశారు?"

"నానే. అమ్మ కేరేజీ ఇచ్చింది. నాను ఒడ్డుదాకా ఎల్లాను."

"తరవాత?"

"తెల్దు."

"మరి తెలిసినంతే రాద్దాం."

వెనకనుంచి ఒక కుర్రాడు, "రాజులూ తెలిసినంతే రాసినారా టీచర్?" అన్నాడు.

"వాళ్ళ సంగతి రేపు చూద్దాం. నువ్వు ముందు ఇసక కుప్ప మీంచి దిగు."

ముసలామె కూడా నవ్వింది, ఏడుస్తూనే.

పిల్ల తండ్రి పేరు రాసింది. పక్కన 'వేటకు వెళ్ళాడు' అని రాసి ఆగింది.

"ఏదీ? మా వోడెక్కడున్నాడు?" అంది ముసలామె. ఆమెకు చదువు రాదు. నా భార్య ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టింది. ఆమె వేలు తీయలేదు. అలాగే నొక్కి ఉంచింది. పేరులో నడిమి అక్షరం చెరిగి గుంట పడింది. మేస్త్రి తాపీతో సరిచేయబోతే నా భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ బాబూ."

ఆ పిల్ల పదో తరగతి దాకా అక్కడే చదువుకుంది.

నిన్న ఆ ఊరు వెళ్ళాను. బడికి సెలవు. ముందురోజు వాన పడింది. పిట్టగోడంతా ఆరిపోయింది. ఆ వేలి గుంటలో మాత్రం కాసిని నీళ్ళు నిలిచి ఉన్నాయి.