పౌడర్ డబ్బా కప్ప

ఇవాళ పాత సామాను కొట్టులో కీ ఇచ్చే అలారం గడియారం కనిపించింది. దోస్తులూ, మన ఇళ్లలో ఉండేది కదా! చిన్నప్పుడు మాది పాడైతే, దాని చక్రాలను పౌడర్ డబ్బాలో బిగించి కప్పను చేశాను. కీ ఇస్తే పది నిమిషాలు కిక్కురుమనదు. తర్వాత మూత కప్ప నోరులా టపటపా కొట్టుకుంటుంది.

మందుల కంపెనీలో షిఫ్టు దిగొచ్చి పడుకున్న బాపు మంచం కింద పెట్టాను. అది మోగగానే బాపు లేచి, చెల్లెను చంకనేసుకుని రోడ్డు దాకా ఉరికాడు.

"ఉర్కుండ్రి! రియాక్టర్ మూత కొట్టుకుంటున్నది, పేలుతది!"

"గిది మనోడు జేసిన కప్పనయ్యా!" అని అమ్మ నవ్వింది.

బాపు నవ్వలేదు, నన్ను కొట్టలేదు. నా భుజం పట్టుకున్నాడు.

"గీ సప్పుడు కంపెనీ దిక్కుకెల్లి ఇనబడితె నా కోసం సూడకు బిడ్డా. అమ్మను, చెల్లెను తీస్కొని ఉర్కు."

తెల్లారి బాపు అదే షిఫ్టుకు వెళ్లాడు. నేను బడికి వెళ్లలేదు. కంపెనీ దిక్కు చెవులు పెట్టి గడపలో కూర్చున్నాను.