తిరుగు బస్సు తప్పిన తొక్కు

మీ ఇంట్లో మామిడికాయ తొక్కు జాడీని నెలలో మూడు రోజులు ముట్టుకోకూడని మనిషి ఎవరు? నేలచూపులు చూడకండి, జవాబు నాకు తెలుసు. అలాంటి మనిషిని జాడీ దగ్గరికి తీసుకురావడానికి నేనొకప్పుడు యుద్ధం చేశాను. ఆ యుద్ధంలో మూఢనమ్మకానికి గీత కూడా పడలేదు. నా వైపు మాత్రం జాడీ నిండా ప్రాణనష్టం జరిగింది.

అప్పుడు జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఇల్లు కోరుట్లలో. ఎక్కడ మైకు దొరికినా "పరీక్షించకుండా దేన్నీ నమ్మకండి" అంటూ బల్ల గుద్దేవాణ్ని. నేను వస్తున్నానంటే బల్లలు వణికేవి. పెళ్లయి ఏడాది. నా భార్య రజితది సిరిసిల్ల, ఆమెదీ ఎమ్మెస్సీ లెక్కలే, బడిలో టీచరు.

ఆ మే నెలలో మా అమ్మ సగం కాయలు పక్కన పెట్టి, సగం ముక్కలు కొట్టించిన రోజే రజితకు నెలసరి వచ్చింది.

"నువ్వు గా అర్రల కూసో బిడ్డా. బయటున్నోళ్లు ముడితె తొక్కు ఖరాబైతది" అంది అమ్మ, వెనక గది చూపిస్తూ.

ఎండుగడ్డి మీద అగ్గిపుల్ల పడ్డట్టు లేచాను.

"ఎవరు బయటున్నరో తొక్కుకెట్ల తెలుస్తదే? మామిడికాయ క్యాలెండర్ సూస్తదా?"

"మా అత్త చెప్పింది. ఆమెకు వాళ్లత్త చెప్పింది."

"వాళ్లత్తకు ఎవరు చెప్పిండ్రు? మామిడికాయ చెప్పిందా?"

"నోరు గట్టిగుంటె సరిపోదురా, ముక్క గట్టిగుండాలె. సరే, ఆమెనే కలపమను. ఖరాబైతె మాత్రం ఇగ జన్మల నా వంటింట్ల గీ ముచ్చట తియ్యొద్దు. నెలనెలా మూడు దినాలు ఆమె అర్రలనే ఉంటది. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న!"

పందెంలో పెట్టింది రజిత బతుకును, ఒప్పుకున్నది నేను. సంస్కర్తలకు ఇది పాత అలవాటు.

తొక్కులో పోసే నూనెను కాచి, పూర్తిగా చల్లార్చాలి. వేడిగా పోస్తే ముక్క ఉడికిపోతుంది.

"పొద్దుగూకేదాక ఆగు. ఏలు వెట్టి సూసి పొయ్యి" అంది అమ్మ.

"ఏలెందుకే? లెక్క ఉన్నది!"

కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన థర్మామీటరు ముంచాను. నూనె నూట అరవై రెండు డిగ్రీలు. పది నిమిషాలకు నూట ముప్పై రెండు. వంటింట్లో గాలి నలభై రెండు, ఫ్యాను కూడా చెమట తుడుచుకుంటోంది. థర్మామీటరు చేతిలో ఉండగా లెక్క దేనికని అడుగుతారా? రజిత కూడా అడిగింది.

"థర్మామీటరు అండ్లనే ఉంచి సూస్తె అయిపాయె గదండీ?"

"సూసి చెప్పుడు ఎవడైన జేస్తడు. ముందుగాల చెప్పుడే సైన్సు! నువ్వు గక్కడ కూసో, పిలుస్త."

ముగ్గుసుద్దతో వంటింటి బండల మీద మొదలుపెట్టాను. నూనె చల్లారే వేగం నూనె వేడికీ గాలి వేడికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఆ తేడాకు 'యు' అని పేరు పెట్టాను. దీన్ని ప్రతిక్షేపణ అంటారు, అంటే పెద్ద మాటను దింపి చిన్న అక్షరాన్ని కూర్చోబెట్టడం. తర్వాత యు ఉన్నవన్నీ ఒక పక్కకు, కాలం ఉన్నవన్నీ ఇంకో పక్కకు వేరుచేశాను, అచ్చం మా అమ్మ మనుషుల్ని వేరుచేసినట్టే. రెండు పక్కలా సమాకలనం చేశాను. లాగరిథం దిగివచ్చింది. ముక్కకు దెబ్బ తగలని వేడి నలభై ఐదు డిగ్రీలనుకుని, యు ఉన్న చోట నలభై ఐదు వేశాను. జవాబు ముప్పై నాలుగు నిమిషాలు!

"పొద్దుగూకేదాక ఎందుకే అమ్మా? అరగంట దాటంగనే పోస్త సూడు!"

మసిగుడ్డతో గిన్నె పట్టుకుని నేనే పోశాను. మసిగుడ్డ ఎందుకు అవసరమైందో ఆలోచించే తీరిక చరిత్ర సృష్టించేవాడికి ఉండదు. రజిత గరిటెతో కలిపి, జాడీకి గుడ్డ కట్టింది. బండల మీది లెక్కను ఎవరూ తుడవకూడదని హుకుం జారీచేశాను. ముందు తరాలు చూడాలి కదా.

తెల్లవారి అమ్మ జాడీ విప్పింది. గరిటె పెడితే ముక్క రాలేదు, గుజ్జు వచ్చింది. అదే సమయానికి రుచి చూద్దామని పక్కింటి షాహీన్ ఆపా గిన్నెతో వచ్చింది.

"క్యా లెక్చరర్ సాబ్, అచార్ అని అస్తె దాల్ జేసిండ్రా?"

అమ్మ నవ్వలేదు. "సూసినవా? ముట్టొద్దంటె ముట్టిచ్చినవ్. పో బిడ్డా, అర్రలకు."

పది ఊళ్ల మైకులు మింగిన నోరు నాది. ఇప్పుడు దాంట్లో ఆ గుజ్జు వేసుకుని చూశాను, నమలడానికేమీ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నారు. ఇక్కడ లెక్క రానివాడికి కోడలి మైల దొరికింది.

రజిత అర్రలోకి పోలేదు. బండల దగ్గర కూర్చుని, కాపీ కొట్టినవాడి పేపరు చూసినట్టు నా సుద్దగీతల్ని చూసింది.

"సారూ, యు అంటె ఏంది?"

"తేడా."

"దేనికీ దేనికీ?"

"నూనెకు, గాలికి."

"మరి మీరు ఏసిన నలభై ఐదు నూనెదా, తేడాదా?"

నా కాళ్ల కింద బండ కదిలింది. తేడాయే నలభై ఐదైతే, దానికి గాలి నలభై రెండు కలపాలి. నూనె ఎనభై ఏడు డిగ్రీల మీద ఉండగా పోసేశాను! తేడా మూడుకు దిగాలి, అందుకు రెండు గంటలు దాటాలి.

"ఏమంటున్నవే? నాకు సమజయ్యేటట్టు చెప్పు" అంది అమ్మ.

"అత్తా, కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోయి పని జేసుకున్నమనుకో. మల్ల కోరుట్లకు రావాలె గదా? యు అంటె సిరిసిల్ల. లెక్క అక్కడ అల్కగయితదని పోతం. నీ కొడుకు పోయిండు, పని జేసిండు, తిరుగు బస్సు ఎక్కలేదు. సిరిసిల్ల బస్టాండులనే నిలవడి గిదే కోరుట్ల అంటుండు."

అమ్మ నన్ను తేరిపార చూసింది. "నా కొడుకు బస్సు తప్పిండా?"

"తప్పిన్నే" అన్నాను. ఎన్ని సభల్లో మాట్లాడినా అంత క్లుప్తంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"అయితే తొక్కు ఖరాబైంది ముట్టుడుతోని గాదా?"

"పరీక్ష వెట్టి సూద్దాం అత్తా" అంది రజిత. "ఇంక సగం కాయలున్నయి. నేను ఇయ్యాల గూడ బయటనే ఉన్న."

అదే నూనె, అదే కారం, అదే చెయ్యి. మారింది ఒక్కటే, నన్ను వంటింట్లోంచి పంపించేశారు. పొద్దుగూకేదాకా ఆగి, అత్త వేలూ కోడలి థర్మామీటరూ రెండూ ఒప్పుకున్నాకే పోశారు. ఆ జాడీలో ముక్క మళ్లీ మామిడికాయలు వచ్చేదాకా కరకరలాడింది. రజితను "బయటున్నవా" అని మా అమ్మ ఇంకెప్పుడూ అడగలేదు.

గెలుపు నాదేనని మీసం దువ్వుతూ అడిగాను. "అమ్మా, గా ముట్టొద్దనే ముచ్చట అబద్ధమే గదా?"

"పూరా అబద్ధం గాదురా. మనిషినే తప్పు చెప్పిండ్రు. జాడీ కాడికి రానియ్యొద్దన్నది కోడల్ని గాదు, నిన్ను."

అప్పట్నుంచీ మా ఇంట్లో తొక్కు పెట్టే రోజుల్లో అర్రలో కూర్చునేది నేనే. పరీక్షలో రుజువైన మైలను నేను. హేతువాదిగా ఎదురు చెప్పలేను. మరిగిన నూనె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: థర్మామీటరు ఉన్న చోట జోస్యం చెప్పను, తిరుగు టికెట్టు లేకుండా ఏ యు దగ్గరికీ పోను.

ఇక మీరు లేవండి. ఈ వేసవిలో సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే ముక్కలు కొట్టించండి. గరిటె ఆమె చేతికివ్వండి. నూనెలో వేలు మాత్రం మీరు పెట్టి చూడండి.